నాలుగు చక్రాల గిజిగాడు

గోపన్నపేట బాలికల ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. రోబోల గురించి నాకు తెలిసింది తక్కువ. ఆఫీసు ఉత్తరాల గురించి తెలిసింది ఎక్కువ. "పై విషయము పురస్కరించుకొని" అని మొదలైన వాక్యాన్ని "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" దాకా మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వకుండా నడిపించగలను. అందుకే మా బడికి రోబో మంజూరైనప్పుడు దాన్ని తయారుచేయించే పని సైన్సు టీచరుకు, దాని గురించి రాసే పని నాకు అప్పగించారు. ఆ రెండు పనుల్లో ఏది పెద్దదో పోటీల సీజను ముగిసేసరికి అందరికీ అర్థమైంది.

పిల్లలందరూ రోబోలు చేయాలన్న ఉత్సాహం ఆ ఏడు పైనుంచి కిందికి దిగింది. అంతకుముందు ఏడు ఇలాగే పెరటితోటల ఉత్సాహం దిగింది. మా తోటలో కాసిన ఒకే ఒక సొరకాయను ముగ్గురు అధికారులు వేర్వేరు రోజుల్లో ప్రారంభించి వెళ్ళారు. ఈసారి అట్టపెట్టె వచ్చింది. అందులో మోటార్లు, చక్రాలు, తీగలు, ఇనుప పట్టీలు ఉన్నాయి. ఎలా బిగించాలో చెప్పే కాగితం ఒక్కటే లేదు.

మా స్వరూప టీచర్ భౌతికశాస్త్రం చెబుతుంది. కొప్పులో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని, ఆ సంగతి మరిచిపోయి బడంతా వెతికే మనిషి. ఆమె పదో తరగతి నుంచి ముగ్గురు పిల్లల్ని ఎంచుకుంది. షాహీన్ తీగలు కలిపి ప్రోగ్రాం రాసేది. రుచిత రిమోటు పట్టి నడిపేది. కావేరి బిగించేది. కావేరి బిగించిన స్క్రూ ఊడాలంటే మళ్ళీ కావేరే రావాలి.

దసరా సెలవులన్నీ బడిలోనే గడిపి ముగ్గురూ కలిసి మోకాలెత్తు రోబోను నిలబెట్టారు. నాలుగు చక్రాలు, ఒక చెయ్యి. ఒళ్ళంతా తీగలు గిజిగాడి గూడులా అల్లుకుని ఉండటంతో దానికి గిజిగాడనే పేరు పెట్టుకున్నారు. అది నేల మీది రబ్బరు బంతిని పట్టుకుని బుట్టలో వేయాలి. మొదటిసారి వేసిన రోజు ముగ్గురూ పెట్టిన కేకలకు మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళు గరిటెలతో సహా పరుగెత్తుకొచ్చారు.

జిల్లా పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు రాష్ట్ర పోటీకి వెళ్తాయి. రాష్ట్ర పోటీలో దిగిన ప్రతి అమ్మాయికీ ఉమెన్స్ పాలిటెక్నిక్‌లో హాస్టలుతో సహా నేరుగా సీటు ఇస్తామని ప్రకటించారు. కావేరి కన్ను ఆ సీటు మీద ఉంది. ఇంట్లో అడిగితే "పదోది కానీ, చూద్దాం" అన్నారట. వాళ్ళ అక్క విషయంలోనూ అదే మాట అన్నారట. ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

పోటీకి పేరు పంపేముందు గిజిగాడిని బడి ఆస్తుల్లో నమోదు చేయాలి. అందుకోసం జిల్లా ఆఫీసు నుంచి సూపరింటెండెంటు విఠల్‌రావు గారు వచ్చారు. ఆయన గిజిగాడి చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని ప్రదక్షిణం చేశారు.

"ఇది ఆస్తి" అన్నారు. "ఆస్తి అన్నాక దానికొక వర్గం ఉండాలి. వర్గం లేని ఆస్తి ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదాన్ని ప్రభుత్వం పోటీకి పంపజాలదు."

"ప్రయోగశాల సామాను కింద రాయుండ్రి సార్" అంది స్వరూప టీచర్.

"ప్రయోగశాల సామగ్రి ప్రయోగశాల గడప దాటరాదు. మీరు పోటీ ప్రయోగశాలలోనే జరుపుకుంటారా?"

"పోనీ, ఆటవస్తువు?"

"క్రీడా సామగ్రి అంటే గాలి కొట్టేదైనా కావాలి, బ్యాటుతో కొట్టేదైనా కావాలి. దీనికి గాలి కొడతారా? దీన్ని బ్యాటుతో కొడతారా?"

మా హెడ్‌మాస్టర్ నరహరి సార్ ఏ అధికారి ముందైనా తల ఊపే మనిషి. "కొట్టం సార్" అని ఊపారు.

"ఇది ఫర్నిచరూ కాదు. ఫర్నిచరు ఉన్నచోట ఉంటుంది. ఇది ఉండట్లేదు. మోటారుందా?"

"ఉంది సార్."

"చక్రాలు?"

"నాలుగు సార్."

"మోటారుంది, చక్రాలున్నాయి, గడప దాటవచ్చు. వాహనం" అన్నారు విఠల్‌రావు గారు. ఆ మాటలో సందేహానికి చోటు లేదు. ఎంత వెతికినా నాకూ తప్పు కనిపించలేదు.

"సార్, గిది నా మోకాలంతే ఉన్నది, గిదేం వాహనం సార్!" అంది కావేరి.

"వాహనానికి ఎత్తు పరిమితి లేదమ్మా."

దరఖాస్తు గడువు మర్నాటితో ముగుస్తోంది. స్వరూప టీచర్ కొప్పులో స్క్రూడ్రైవరు కోసం తడుముకుంటూ, "ఏదో ఒకటి రాయుండ్రి సార్, మా పిల్లల్ని పోటీకి పోనిస్తే చాలు" అంది. నేను రాశాను. చేతిరాత కుదిరింది.

గిజిగాడు వాహనమైన వారంలోపే డ్రైవరు వచ్చాడు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ప్రభుత్వ వాహనం నడపడం నేరం కనుక రుచిత ఇకమీదట రిమోటు ముట్టుకోరాదనీ, డ్రైవరు కనకయ్యను డిప్యుటేషను మీద పంపుతున్నామనీ ఆర్డరు కూడా ఆయన వెంటే వచ్చింది.

కనకయ్య రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఆయన నడిపిన జీపును ఆరేళ్ళ కింద పనికిరాదని తేల్చేశారు. అప్పటినుంచీ రోజూ ఆఫీసుకు వచ్చి, సంతకం పెట్టి, జీపు లేని షెడ్డులో కూర్చుని సాయంత్రం ఇంటికి పోతున్నాడు. ఆ రోజు ఇస్త్రీ చేసిన తెల్ల బట్టలు వేసుకుని, కొబ్బరికాయ, నిమ్మకాయలు, ఊదుబత్తులు పట్టుకొచ్చాడు.

"బండేది సారూ?" అన్నాడు.

చూపించాను. చాలాసేపు చూశాడు. వంగి కింద చూశాడు. లేచి మా మొహాలు చూశాడు.

"స్టీరింగేది?"

రుచిత రిమోటు ఇచ్చింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని, "ఏదైతేంది బిడ్డా, ఇచ్చిన్రు. అదే పదివేలు" అన్నాడు. కొబ్బరికాయ కొట్టాడు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. గిజిగాడు ఆ నిమ్మకాయలను బంతులనుకుని ఒక్కొక్కటే ఎత్తి బుట్టలో వేసింది. కనకయ్య కళ్ళు పెద్దవయ్యాయి. "మస్తు తెలివైన బండి" అన్నాడు.

ఆయన మంచి డ్రైవరు. కష్టమంతా అక్కడే వచ్చింది. మలుపు దగ్గర ఆగి నోటితో హారను కొట్టేవాడు. వెనక్కి తీయాలంటే ఒకరు వెనక నిలబడి "రానియ్, రానియ్" అనాల్సిందే. ఎదురుగా బాతు బొమ్మ అడ్డం పెడితే అది పక్కకు తప్పుకునేదాకా ఓపికగా ఆగేవాడు. రుచిత అయిదు బంతులు వేసే వ్యవధిలో కనకయ్య మొదటి బంతి దగ్గరికి క్షేమంగా చేరుకునేవాడు.

"తాతా, జర జల్ది పోనియ్ తాతా" అని రుచిత బతిమాలేది.

"తొందరపడి ఏడికి పోతం బిడ్డా? సర్వీసుల ఒక్క యాక్సిడెంటు లేదు నాకు."

తర్వాత వాహనాల తనిఖీ అధికారి వచ్చి అద్దాలు, హారను, నంబరు పలక ఏవని అడిగాడు. డ్రైవరు కూర్చోడానికి సీటు కూడా అడిగాడు. సీటు పెడితే డ్రైవరు దాని మీద కూర్చోవలసి వస్తుందనీ, కూర్చుంటే వాహనం ఉండదనీ నేను సవినయంగా రాస్తే సీటు నుంచి మినహాయింపు ఇచ్చారు. మిగతావి తప్పలేదు. 'ప్రభుత్వ వాహనం' అని ఎర్రక్షరాల పలక ముందు బిగించారు. పలక గిజిగాడికంటే వెడల్పు. దాని కన్నులాంటి సెన్సరు సరిగ్గా పలక వెనక ఉంది. ఇక గిజిగాడికి కనిపించేది ప్రభుత్వం ఒక్కటే.

షాహీన్ పలక వైపు చూసి, "గుడ్డిదాన్ని చేసిన్రు" అని వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆ పిల్ల ఆ సెన్సరు చూపును సరిచేయడానికి నెలరోజులు తిప్పలు పడింది.

ఈలోగా పైనెవరో లెక్కలు చూసే అధికారికి ఒక సంగతి తట్టింది. జిల్లా ఆఫీసు పెద్దసారు అద్దె కారులో తిరుగుతున్నారు. అదే ఆఫీసుకు గోపన్నపేటలో సొంత వాహనం ఉంది, దానికి డ్రైవరూ ఉన్నాడు. సొంత వాహనం ఉండగా అద్దె కారు దేనికి? కారు రద్దయింది. పెద్దసారు ఇకపై పర్యటనలన్నీ శాఖా వాహనంతోనే చేయవలెనని ఉత్తర్వు వచ్చింది.

పెద్దసారు మా బడికి మొదటిసారి ఆటోలో వచ్చారు. గిజిగాడి ముందు నిలబడ్డారు. ఆయన లావుపాటి మనిషి. ఎవరం నవ్వలేదు. నరహరి సార్ తల ఊపడం కూడా ఆపేశారు.

"విఠల్‌రావ్, ఇందులో నేనెట్లా పోవాలయ్యా?" అన్నారు పెద్దసారు.

విఠల్‌రావు గారు గొంతు సవరించుకున్నారు. "వాహనంలో పోవలెనని ఉత్తర్వులో లేదు సార్. వాహనంతో పోవలెనని ఉంది."

ఆ ఒక్క విభక్తి ప్రత్యయం పెద్దసారు పరువు కాపాడింది. తెలుగు పండితుడిగా నాకు గర్వమనిపించింది. మర్నాటి నుంచి పెద్దసారు ఆర్టీసీ బస్సులో పర్యటనలకు బయల్దేరారు. కిటికీ పక్కన పెద్దసారు, మధ్యలో గిజిగాడు, ఈ చివర కనకయ్య. కండక్టరు గిజిగాడికి లగేజీ టికెట్టు కొట్టబోతే, "వాహనానికి టికెట్టేందయ్యా! గిది సార్ బండి" అని కనకయ్య గద్దించాడట. బస్సంతా వెనక్కి తిరిగి చూసిందట. ఏ బడికి పోయినా గేటు దగ్గర దిగి, గిజిగాడిని నేల మీద పెట్టి, అది ముందు నడుస్తుంటే పెద్దసారు వెనక నడిచేవారు. కనకయ్య మెల్లగా నడిపేవాడు కాబట్టి ఆయనకు ఆయాసం రాలేదు.

అన్నీ సక్రమంగానే జరుగుతున్నాయి. పోటీ దగ్గరపడింది. రోబో మాత్రం బడిలో లేదు.

పిల్లలు ముగ్గురూ ఖాళీ గదిలో సుద్దతో గీతలు గీసుకుని సాధన చేశారు. కావేరి రోబోలా వంగి నడిచేది. షాహీన్ లెక్క చెప్పేది. రుచిత చేతిలో అట్టముక్క పట్టుకుని రిమోటనుకుని వేళ్ళు కదిపేది. స్వరూప టీచర్ గుమ్మంలో నిలబడి అది చూసి, సరాసరి స్టాఫ్ రూంకు వచ్చింది. నా ముందు నిలబడింది.

"పండిట్ సార్, మీరు గింత మంచిగ రాస్తరు గదా. ఒక్క వారం మా రోబోను మాకియ్యమని రాయరాదూ?"

రాశాను. వాహనాన్ని బడి ఆవరణలో నిష్ఫలంగా ఉంచడానికి కారణాలు తెలుపవలసిందని బదులు వచ్చింది. ఆ బదులును ఆమె రెండుసార్లు చదివింది. కాగితం నా బల్ల మీద పెట్టి క్లాసుకు వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

జిల్లా పోటీ ఒక ఇండోరు స్టేడియంలో జరిగింది. ఆ ఒక్కరోజుకూ పెద్దసారు పర్యటన మానుకున్నారు. కనకయ్య మళ్ళీ ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. నిబంధనలు విన్నాక ఆయన మొహం వాడిపోయింది. మొదటి అరనిమిషం రోబో తనంతట తానే నడవాలి. ఎవరూ రిమోటు ముట్టుకోకూడదు. తర్వాతి రెండు నిమిషాలు రిమోటుతో నడపాలి.

"డ్రైవర్ చెయ్యి లేకుంట సర్కారు బండి కదిలితే నన్ను సస్పెండ్ చేస్తరు సారూ" అన్నాడు నాతో.

అది నిజమే.

మా ముందు జట్టు ఆడుతోంది. ఒక ప్రైవేటు బడి పిల్లల రోబో బంతుల్ని చకచకా బుట్టలో పడేస్తోంది. మా ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. కావేరి స్క్రూడ్రైవరును రెండు చేతులా పట్టుకుని ఆ రోబోకేసే చూస్తోంది. కనకయ్య ఆ పిల్లను చూశాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"పండిట్ సారూ, మీరు కాయిదాలన్నీ చదువుతరు. డ్యూటీల ఉన్న డ్రైవర్ కునుకు తియ్యొద్దని ఏడనన్న రాసి ఉన్నదా?"

నేను ఆలోచించాను. నా సర్వీసులో చదివిన ఉత్తర్వులన్నీ తలుచుకున్నాను. ఎక్కడా లేదు. అటువంటిది ఉండి ఉంటే పరిపాలన ఎప్పుడో ఆగిపోయేది.

"లేదు" అన్నాను.

"బండి పక్కన పండుకుంటే బండి ఇడిసిపెట్టినట్టా?"

"కాదు. డ్రైవరు వాహనం వద్దనే ఉన్నట్టు."

మా జట్టు పేరు పిలిచారు. కనకయ్య బరి అంచున తువ్వాల పరిచాడు. రిమోటును తలాపున పెట్టాడు. వెల్లకిలా పడుకుని, మొహం మీద చేతిరుమాలు కప్పుకుని, వెంటనే గురక మొదలుపెట్టాడు. అంత వేగంగా ఆయన ఏ పనీ చేయగా నేను చూడలేదు.

కావేరి దూకింది. ఎర్రక్షరాల పలక, హారను, అద్దాలు నేల మీద పడ్డాయి. విజిలు మోగింది. చాలా రోజుల తర్వాత చూపు తిరిగొచ్చిన గిజిగాడు తనంతట తాను కదిలి, బంతిని వెతుక్కుని, ఎత్తి, బుట్టలో వేసింది. షాహీన్ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. రెండో విజిలు మోగగానే రుచిత తలాపు నుంచి రిమోటు తీసింది. అట్టముక్క మీద నేర్చుకున్న వేళ్ళు తడబడలేదు. గిజిగాడు ఎక్కడా ఆగలేదు, ఎవరికీ దారి ఇవ్వలేదు, హారను కొట్టలేదు. ఆట ముగిసిన మరుక్షణం పలక మళ్ళీ ముందుంది, రిమోటు తలాపున ఉంది. చప్పట్లకు కనకయ్య లేచి కూర్చుని, "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

"సెకండొచ్చినం తాతా!"

ఆయన చేతిరుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత జరిగిన సభలో, అప్పగించిన వాహనాన్ని ఒక్క ప్రమాదమూ లేకుండా జిల్లాలో ద్వితీయ స్థానానికి నడిపినందుకు డ్రైవరు కనకయ్యను పెద్దసారు శాలువాతో సత్కరించారు. కనకయ్య మైకు దగ్గరికి వెళ్ళి, "నేను నడపలే సార్. నేను పండుకున్న. నడిపింది ఈ పిల్లలు" అన్నాడు. ఇంత వినయం తమ శాఖలో మునుపెన్నడూ చూడలేదని విఠల్‌రావు గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. కనకయ్య దిగివచ్చి ఆ శాలువాను ముగ్గురు పిల్లల భుజాల మీదా కలిపి కప్పాడు.

సంతోషం రెండు రోజులుంది. రాష్ట్ర పోటీ రాజధానిలో. ప్రభుత్వ వాహనం జిల్లా పొలిమేర దాటాలంటే పైనుంచి ముందస్తు అనుమతి కావాలి. అనుమతి కోసం రాశాను. అది వచ్చేసరికి పోటీ ముగిసి, పిల్లల పదో తరగతి పరీక్షలు కూడా ముగుస్తాయని ఆఫీసులో చెప్పారు.

స్వరూప టీచర్ పిల్లల్ని వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకే బయల్దేరింది. నేనూ వెళ్ళాను. పెద్దసారు అప్పుడే బస్సు దిగి వచ్చి చొక్కా గుండీ విప్పుకుని కూర్చున్నారు. గిజిగాడు ఆయన బల్ల పక్కన ఉంది.

"అమ్మా, దీన్ని వదిలించుకుందామని మీకంటే నాకే ఎక్కువ ఉంది" అన్నారాయన. "నిన్న ఎక్స్‌ప్రెస్ బస్సులో సీటు దొరక్క నిలబడ్డాను. దీనికి దొరికింది. విఠల్‌రావ్, పనికిరాదని రాసి పడేయరాదా?"

"పదిహేనేళ్ళు నిండనిదే వాహనాన్ని రద్దు చేయజాలం సార్."

అప్పుడు కావేరి అడిగింది.

"సార్, చక్రాలు తీసేస్తే అది బండేనా?"

విఠల్‌రావు గారు ఆలోచించారు. "చక్రాలు లేనిది వాహనం కాదు. కానీ దానికి వేరే వర్గం ఉండాలి. గడప దాటే వర్గం."

"ఇంకేం వర్గాలున్నయ్ సార్?"

ఆయన పుస్తకం తిరగేశారు. చివరన ఒకటే మిగిలింది. పశువులు. ఎప్పుడో బడులకు వ్యవసాయ క్షేత్రాలున్న కాలంలో ఎడ్ల కోసం పెట్టిన వర్గమట. ఎవరూ కొట్టివేయలేదు.

కావేరి మొహం వెలిగింది. "మాకు రెండు బర్రెలున్నయ్ సార్. నేనే తోల్కపోత. నన్ను లైసెన్సు ఎవ్వరడగలే. వయసూ అడగలే."

పెద్దసారు విఠల్‌రావు గారిని చూశారు. విఠల్‌రావు గారు నన్ను చూశారు. నేను పుస్తకం వైపు చూశాను. 'కాళ్ళతో నడచునది, శాఖకు చెందినది' అని మాత్రమే ఉంది.

"కాళ్ళు పెట్టుకుని రండమ్మా" అన్నారు పెద్దసారు.

మూడు రోజులు పిల్లలు ఇంటికి వెళ్ళి తిన్నది తక్కువ. నీళ్ళ పైపును గుండ్రంగా ముక్కలు కోసి, ఒక్కో గుండ్రాన్ని సగం చేస్తే వంపు తిరిగిన కాళ్ళయ్యాయి. పెట్టెలో మిగిలిన రెండు మోటార్లు కూడా వాడి ఆరు కాళ్ళు పెట్టారు. మొదటిరోజు గిజిగాడు లేచి నిలబడి బోర్లా పడింది. రెండోరోజు పక్కకు నడిచింది. షాహీన్ ఆరు కాళ్ళనూ మూడేసి చొప్పున కదిపేలా ప్రోగ్రాం మార్చాక, అది గది ఈ చివర నుంచి ఆ చివరకు ఊగుతూ ఊగుతూ నడిచిపోయింది.

విఠల్‌రావు గారు పశువైద్యుడిని వెంటబెట్టుకుని వచ్చారు. మళ్ళీ ప్రదక్షిణం చేశారు.

"ఆరు కాళ్ళేమిటి?" అన్నారు.

"నాలుగే ఉండాలని పుస్తకంలో లేదు సార్" అన్నాను.

"సరే. రాయండి డాక్టరుగారూ."

పశువైద్యుడు డాక్టర్ విద్యాసాగర్ కాగితం తీశారు. ఆయనకు ఆ రోజు ఇంకా చాలా ఊళ్ళు తిరగాల్సి ఉంది. "ఆవా, గేదా?" అన్నారు.

"ఇతరములు" అన్నారు విఠల్‌రావు గారు.

"పాలిస్తుందా?"

"ఒట్టిపోయినట్టు రాయండి."

గాలికుంటు టీకా తప్పనిసరి. సూది దిగే చోటు కనిపించలేదు. డాక్టరుగారు సిరంజిని గిజిగాడి కళ్ళముందు ఒకసారి ఊపి, టీకా వేసినట్టు రాశారు. చెవికి వేయాల్సిన పసుపు బిళ్ళ చెవి లేనందున చేతికి తగిలించారు. బరువు తక్కువగా ఉందని, పిల్లలు దాన్ని బాగా మేపాలని సలహా ఇచ్చారు.

"సార్, పశువు జిల్లా దాటాలంటే అనుమతి కావాల్నా?" అంది స్వరూప టీచర్.

"మేతకు తోలుకుపోతే ఏమీ అక్కర్లేదమ్మా."

"ఎంత దూరం?"

"మేత దొరికేదాకా."

ఆ సాయంత్రం నా జీవితంలోకెల్లా మంచి ఉత్తరం రాశాను. 'పాఠశాలకు చెందిన ఒక పశువు మేత నిమిత్తం ముగ్గురు విద్యార్థినులచే రాష్ట్ర రాజధానికి తోలుకొనిపోబడుచున్నది.' పెద్దసారు చదవకుండానే సంతకం పెట్టారు. అప్పటికే ఆయన అద్దె కారు వాకిట్లో ఆగి ఉంది.

అందరి సమస్యా తీరింది, కనకయ్యది తప్ప. రిమోటు అప్పగించడానికి బడికి వచ్చాడు. కాళ్ళ మీద ఊగుతూ నడుస్తున్న గిజిగాడిని వసారాలో నిలబడి చూశాడు.

"ఆరేండ్లకు ఒక బండిచ్చిన్రు సారూ. దానికి కాళ్ళొచ్చినయ్" అన్నాడు. నవ్వబోయాడు కానీ కుదరలేదు.

రుచిత వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "నువ్వు గూడ రా తాతా, సిటీకి."

"నేనేంటికి బిడ్డా? పశువుకు డ్రైవరెందుకు?"

"నువ్వు లేకుంటే మాకు మంచిగ అనిపియ్యదు."

ఆయన ఆరేళ్ళలో మొదటిసారి సెలవు పెట్టాడు. ఎందుకని ఆఫీసులో అడిగితే, తెలిసినవాళ్ళ పశువును మేతకు తోలుకుపోతున్నానని చెప్పాడట. రాజధాని దాకా బస్సులో గిజిగాడిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

పోటీ హాలు లోపల ఏం జరిగిందో ముందే చెప్పేస్తాను. ఆ ఏడు బరిలో ఒకచోట గులకరాళ్ళు పరిచారు. మంచి మంచి రోబోల చక్రాలు అక్కడ తిరిగినచోటే తిరిగాయి. మాది ఊగుతూ ఊగుతూ రాళ్ళ మీదుగా నడిచి వెళ్ళింది. మూడో స్థానం వచ్చింది. స్వరూప టీచర్ ఏడ్చింది. కనకయ్య పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. జూన్‌లో కావేరి పెట్టె పట్టుకుని పాలిటెక్నిక్ హాస్టలుకు వెళ్ళింది. వాళ్ళ నాన్న బస్‌స్టాండు దాకా వచ్చి, నలుగురికీ వినిపించేలా, "సర్కారే పిలిచి సీటిచ్చింది" అని చెప్పుకున్నాడు.

నాకు మాత్రం ఆ రోజు లోపలికి వెళ్ళేముందు పేర్లు రాయించుకున్న బల్ల దగ్గర జరిగింది ఎక్కువ గుర్తుంది. బల్ల వెనక ఒక మేడం కూర్చుని ఉంది. గిజిగాడి చేతికి వేలాడుతున్న పసుపు బిళ్ళను గానీ, నా చేతిలోని మేత ఉత్తరాన్ని గానీ ఆమె పట్టించుకోలేదు. చకచకా రాస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"మీ రోబో పేరేంటమ్మా?"

పిల్లలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసువాళ్ళెవరి నోటా ఆ మాట వినక ఎన్ని రోజులైందో. షాహీన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రుచిత పేరు చెప్పింది, మేడం రాసుకుంది.

సీజను మొత్తం మీద ప్రభుత్వం తరఫున కూర్చుని దాన్ని రోబో అని పిలిచింది ఆమె ఒక్కతే. ఇంత సాహసం ఎలా చేయగలిగిందా అని విచారించాను. ఆమె పర్మినెంటు కాదట, కాంట్రాక్టు లెక్చరరట.